నా వెనక చక్రాలకు డిస్కులొచ్చాయి

నేను 1969 మోడల్ షెవర్లే కమారో ఎస్.ఎస్.ని. ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ కర్మాగారంలో పుట్టాను. బానెట్ కింద 350 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజను, కంపెనీ లెక్కలో 300 హార్స్‌పవర్. ఆ రోజుల్లో అమెరికా కుర్రకారు నన్ను చూడగానే ఎంత వేగంగా ఉరుకుతానని అడిగేవాళ్ళు. ఎలా ఆగుతానని అడిగినవాళ్ళు తక్కువ. నేను చెప్పుకోవాల్సింది అదే.

ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ములు: నేను షోరూముకు వచ్చింది ఇలాగే. నాలుగింటికీ డిస్కులు పెట్టడం కంపెనీకి చేతకాక కాదు. మా అక్క కార్వెట్‌కు 1965లోనే నాలుగూ డిస్కులే. మాకూ జె.ఎల్.8 అనే కోడ్‌తో ఆ సదుపాయం ఇచ్చారు గానీ, దానికి అదనంగా 500 డాలర్లు కట్టాలి. రెండు లక్షల నలభై వేలకు పైగా తయారైన 1969 కమారోల్లో ఆ భాగ్యం దక్కింది 206 బళ్ళకే.

డ్రమ్ములను నేను తక్కువ చేయను. తిరిగే డ్రమ్ము షూను తనవైపు లాక్కుంటుంది కాబట్టి పెడల్ కొంచెం నొక్కినా పట్టు పెరుగుతుంది. చిక్కల్లా వేడితోనే. కొండ దిగుతూ వరసగా బ్రేకులు వేస్తే డ్రమ్ము వేడికి సాగి షూకు దూరమవుతుంది, లైనింగు పట్టు సడలుతుంది. నీళ్ళలోంచి వెళితే లోపల చేరిన తడి ఆరేదాకా నమ్మకం లేదు. డిస్కు బయటి గాలికి తిరుగుతుంది, వేడినీ తడినీ త్వరగా వదిలించుకుంటుంది.

నా ఇప్పటి యజమాని, ఆయన కూతురు కలిసి నా వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టే పని ఇంటి గరాజ్‌లోనే మొదలుపెట్టారు. డిఫరెన్షియల్ కవర్ విప్పి గేర్ ఆయిల్ వంపేశారు. మధ్యలో ఉన్న పిన్నును లాగి యాక్సిల్ షాఫ్టును కాస్త లోపలికి నెడితే, దాని కొసనున్న సి ఆకారపు క్లిప్పు ఊడివస్తుంది. అప్పుడు గానీ షాఫ్టు బయటికి రాదు. షాఫ్టు వస్తేనే డ్రమ్ము వెనక నాలుగు బోల్టులతో బిగించిన ప్లేటు తీసి, ఆ చోట క్యాలిపర్ బ్రాకెట్ పెట్టడం కుదిరింది. పనిలో పనిగా కొత్త ఆయిల్ సీళ్ళు వేశారు. ప్యాడ్ల మీద గేర్ ఆయిల్ కారితే ఎంత ఖరీదైన డిస్కయినా పట్టదు. క్యాలిపర్లు బిగించేటప్పుడు గాలి తీసే నిపుల్ పైకి ఉందో లేదో ఆ అమ్మాయి రెండువైపులా చూసుకుంది. ఎడమదీ కుడిదీ తారుమారైతే నిపుల్ కిందికి పోతుంది, గాలి లోపలే చిక్కుకుంటుంది, పెడల్ ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది.

చక్రాల దగ్గర పని అయింది గానీ, నన్ను రోడ్డెక్కించడానికి అప్పుడే వీల్లేదు. డ్రమ్ముల కోసం వెనక లైనులో దాదాపు 10 పి.ఎస్.ఐ. ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. డిస్కులకు అది చేటు: ప్యాడ్లు డిస్కును పూర్తిగా వదలక రుద్దుకుంటూ వేడెక్కుతాయి. అందుకని ఆ వాల్వు లేని, నాలుగు డిస్కులకు సరిపడే మాస్టర్ సిలిండర్ వేశారు.

అన్నిటికన్నా ముఖ్యం ముందూ వెనకల పొత్తు. బ్రేకు పడగానే నా బరువు ముందుకు ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు అవే ముందు బిగుసుకుంటే నా తోక పక్కకు తిరుగుతుంది. అలా తిరిగిన బండిని అదుపులోకి తేవడం మహా కష్టం. వెనక ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టి, ఖాళీ మైదానంలో పరీక్షించారు. ఆయన తొక్కుతున్నారు, అమ్మాయి దూరంగా నిలబడి చక్రాలు చూస్తోంది. “నాన్నా, ఇంకా వెనకవే ముందు ఆగుతున్నాయి” అన్నప్పుడల్లా ఆయన దిగి వాల్వు కాస్త తిప్పారు. ముందు చక్రాలు ఒక్క పిసరు ముందుగా బిగుసుకునేదాకా వదల్లేదు.

ఒక్కసారి గట్టిగా ఆపినప్పుడు పాతకూ కొత్తకూ తేడా పెద్దగా లేదు, ఎందుకంటే ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. తేడా తెలిసింది కొండ దారి దిగినప్పుడు, వానలో నడిచినప్పుడు. కింది మలుపు దగ్గర కూడా పెడల్ మొదటి మలుపు దగ్గరున్నంత గట్టిగానే ఉంది.

నాలాంటి పాత బళ్ళున్నవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. డిస్కులకూ క్యాలిపర్లకూ పెట్టే డబ్బులో మాస్టర్ సిలిండర్‌కూ, ప్రపోర్షనింగ్ వాల్వుకూ వాటా తీయండి. ఇప్పుడు అంత స్తోమత లేకపోతే, వచ్చేదాకా మంచి లైనింగు వేయించిన డ్రమ్ములతోనే తిరగండి.