వేషం అంటే పగటి వేషమే

సుగ్గి అయిపోయి జొన్నలు ఇండ్లకు చేరినంక కృష్ణా, తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డ ఊళ్లకు పగటి వేషగాళ్లు దిగేటోళ్లు. ఎక్కువగా బుడగ జంగాలోళ్లే. అయిజ ఊరి బయట గుడారాలు వేసుకొని, దినానికో వేషం కట్టుకొని బజార్లు తిరిగేటోళ్లు. ఒకనాడు ఫకీరు, ఒకనాడు సోమయాజులు, ఇంకోనాడు జంగమదేవర.

అర్ధనారీశ్వరుడు వచ్చిన దినం మాత్రం పనులన్నీ బందే. మొగానికి అర్దళం పూసి, కాటుకతోని ఒక దిక్కు మీసం, ఇంకో దిక్కు ముక్కుపుడక, చెవికి కమ్మ. నడుమ ఒక బట్ట తెర అడ్డం పట్టుకునేటోడు. ఇటు తిరిగితే శివుడు ఉరిమినట్టు గొంతు, అటు తిరిగితే పార్వతి నవ్వు. మనిషి ఒక్కడే! ఆ మొగం దిద్దుకొనేటందుకే పొద్దంతా పట్టేది. ఇప్పటి పోరగాండ్లు ఫోన్ మీద వేలు ఒత్తి మొగం మార్చుకుంటున్నరు. చెమట పట్టని వేషం, దానికి వెయ్యి లైకులు.

ఆఖరి దినం రంగులన్నీ కడుక్కొని, మామూలు బట్టల్ల ఇల్లిల్లూ తిరిగి సంభావన అడిగేటోళ్లు. “ఫలానా వేషం కట్టింది నేనే అవ్వా” అని చెప్పుకొని మరీ జొన్నలు పెట్టించుకునేటోళ్లు. నేను వేషగాళ్లను తూచేది ఆ తక్కెట్లనే.

లత్కోర్ సాబ్ సంగతి ఇంకా నయం. పిట్టల దొర అన్నా ఆయననే. ఖాకీ అంగీ, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. చార్మినార్ కిరాయికిచ్చిన, నిజాం నాకు బాకీ అని కోతలు కోస్తుంటే చంటిపోరగాళ్లు కూడ కిలకిల నవ్వేటోళ్లు. దోసెడు జొన్నలు పోస్తే సలాం కొట్టి పోయేటోడు.

ఇప్పుడూ ఖాకీ అంగీలోడే వస్తున్నడు, వీడియో కాల్ల. ‘డిజిటల్ అరెస్ట్’ అంటడు, ఇల్లు కదలొద్దంటడు, ఖాతా ఊడ్చేస్తడు. చట్టంల అసలు అట్లాంటి అరెస్టే లేదని 2024 అక్టోబర్ 27న ప్రధాని రేడియోల చెప్పాల్సి వచ్చిందంటే చూడండి! చదువుకున్నోళ్లే పడుతున్నరు. మా లత్కోర్ సాబును చూసి పెరిగినోడైతే పడునా?

మనుషులే కాదు, గింజలు కూడ వేషం కడుతున్నయి. విత్తన పత్తికి పేరుమోసిన నేల మాది. ఇక్కడనే అనుమతి లేని బీజీ-3 అనీ, పేరూ ఊరూ లేని సంచి అనీ రంగేసిన గింజలు రాత్రిపూట చేతులు మారుతయి. మాకూ అంటగట్టిన్రు ఒకసారి. చెట్టు ఏపుగా పెరిగింది, కాయ మాత్రం నిలువలేదు. ఫోన్ల మోసపోతే సైబర్ మోసాల నంబరు 1930కి కొట్టొచ్చు. రసీదు లేని గింజకు ఎవర్ని పట్టుకోవాలె? అప్పిచ్చినోడు మాత్రం పొద్దుగాలనే వాకిట్ల కూసుంటడు, ఏ వేషమూ లేకుండ.