ఫ్లెక్సీ వచనమునకు టీకాతాత్పర్యములు

మూలము

"పెద్దబాబు పదవ తరగతి ఉత్తీర్ణత, అమ్మాయి ఓణీల పండుగ, చిన్నబాబు బాసర అక్షరాభ్యాసం – ఇన్ని శుభకార్యములు నిర్వహిస్తూ, ఇంటిపనులు చూసుకుంటూనే, భర్త సహకారంతో పది కిలోమీటర్ల పరుగును దిగ్విజయంగా పూర్తి చేసిన మాతృమూర్తికి శుభాకాంక్షలు. ఇట్లు, మిత్రబృందం."

అవతారిక

పై వచనము కరీంనగరమున ఒక చౌరస్తాలో, రెండు కరెంటు స్తంభముల నడుమ, రోహిణి కార్తె చివరి దినములలో వెలసిన ఫ్లెక్సీ మీదిది. సంతకమును బట్టి బహుకర్తృకమని యూహింపవచ్చును. నడుమ ఒక నాయకుని నిలువెత్తు చిత్రము. ఆయన భుజమున కానుకొని నల్లకండ్లద్దములతో భర్తగారి చిత్రము. క్రింది వరుసలో గుండ్రని చట్రములలో మిత్రబృందమువారి శిరస్సులు. ఎడమవైపు అడుగున, కట్టుతాడు దూర్చిన రంధ్రమునకు ప్రక్కగా, మెడలో పతకముతో, ఎండకు కనులు చికిలించుచు నొక స్త్రీ. ఆమెయే యీ వచనమునకు నాయిక. ఆమె పేరు ఫ్లెక్సీలో ఎక్కడను లేదు. మిత్రబృందమువారి పేర్లు మాత్రము ఇంటిపేర్లతోను, పదవులతోను సహా కలవు.

మెదకు సీమకు చెందినవాడై, కాళిదాసు కావ్యములకు సంజీవనిని, భారవికి ఘంటాపథమును, మాఘునకు సర్వంకషను సమకూర్చిన కొలచాల మల్లినాథసూరి, ఆధారము లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిజ్ఞ చేసికొన్న మహానుభావుడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగమును నేను శిరసావహింతును. రెండవ సగమును గూడ పాటించినచో వ్యాసము ఇక్కడనే ముగియును గనుక దానిని మల్లినాథునికే విడిచిపెట్టుచున్నాను. ప్రతిపదార్థమును సైతము విడిచితిని. పదవ తరగతి యననేమో, ఓణీల పండుగ యననేమో అర్థము కానివారు గోదావరికి ఈవల ఎవ్వరును లేరు.

టీక

"ఇన్ని శుభకార్యములు నిర్వహిస్తూ." నిర్వహణమన నేమి? ఫ్లెక్సీకి ఓణీల పండుగ యొక ఫోటో. ఆమెకు మాత్రము, ఏ ఆడబిడ్డకు పెట్టిన చీర ఏ ఆడబిడ్డకు పెట్టిన చీరకన్న ఒక్క నూరు రూపాయలైనను తక్కువ గాకుండ, తక్కువ గాలేదని ఇరువురకును తెలియునట్లుగా, ఎక్కువ యైనదని మూడవవారికి తెలియకుండునట్లుగా నడపిన రాయబారము. బాసర అక్షరాభ్యాసమన్నచో, మొన్నమొన్నటివరకు ఆదిలాబాదు జిల్లాలోనుండి 2016 నుండి నిర్మల్ జిల్లాలో చేరిన ఆ జ్ఞానసరస్వతి సన్నిధికి, గోదావరి యిసుక కాలిని కాల్చు దినములలో, పలకయు బలపమును చేతబట్టిన పిల్లవానిని చంకనెత్తుకొని, వాడు ఏడ్చినపుడెల్ల తానును నిలిచి, వరుస తప్పకుండ సాగుట. వీనికి నడుమ ఫ్లెక్సీకెక్కని శుభకార్యములు వేరుగా నున్నవి. తొలకరి చినుకు పడకమునుపే మామిడికాయ తొక్కు జాడీ కెక్కవలెను. ముక్క తడిసెనా బూజు తప్పదు. ఎల్లిగడ్డ ఒలిచి ఒలిచి గోటి మొదళ్లు మండుచుండగానే జూన్ 12 న బడులు తెరచుచున్నారని తెలియును; పుస్తకములకు అట్టలు వేయవలెను, నిరుటి యూనిఫాము అంచు విప్పి పొడవు చేయవలెను. మిరుగమునాడు చేప తినుట మనసీమలో ఆచారము. తినువారు ఇంటిల్లిపాది, పొలుసు గీకునది ఒక్కతె. నల్లా ఒకదినము విడిచి ఒకదినము వచ్చును; వచ్చు వేళ నల్లాకే ఎరుక. మిత్రబృందమువారు వీనినన్నిటిని "ఇన్ని" యను రెండక్షరములలో సంగ్రహించిరి. సూత్రకారుల లాఘవమనగా నిదియే.

"ఇంటిపనులు చూసుకుంటూనే." ఈ టీక పుట్టినది ఈ పదముకొరకే. ఏ దినపత్రిక జిల్లా పుట విప్పినను, ఏ సన్మానసభలో ముఖ్యఅతిథి గొంతు సవరించుకొన్నను, ఒక స్త్రీ ఏదేని సాధించెనన్నచో ముందుగా వినబడునది యిదియే: ఇంటిపనులు చూసుకుంటూనే పరుగెత్తినది, పిల్లలను చదివించుకుంటూనే పరీక్ష నెగ్గినది, అత్తమామలను సేవించుకుంటూనే కొండ నెక్కినది. దీనికి గ్రంథభాషారూపము చూచుకొనుచునే. శత్రర్థకము మీద ఏవకారము. చిన్నయసూరి 'చేసి' యనుదానిని క్త్వార్థకమనియు, 'చేయుచున్' అనుదానిని శత్రర్థకమనియు విభజించెను. మొదటిది ముందు ముగిసిన పనిని చెప్పును. రెండవది మరియొక పనితో కూడ జరుగుచున్న పనిని చెప్పును. కావున మూలము చొప్పున ఆమె దిగువ మానేరు కట్టమీద నాలుగవ కిలోమీటరున ఎసరు పెట్టి, ఆరవదాన పప్పు తాలించి, తొమ్మిదవదాన బట్టలు పిండియుండవలెను. 1985 లో పూర్తియై, ఇరువదినాలుగు టీఎంసీల నీటిని నిలుపగల ఆ జలాశయము వేసవి తుదిని ఎంత యెండినను, కట్టమీద కుక్కరు కూత పెట్టుట నేటివరకు ఎవ్వరును వినలేదు.

వాస్తవమున జరిగినదంతయు క్త్వార్థకము. నాలుగు గంటలకు లేచి, వాకిలి యూడ్చి, సాన్పి చల్లి, ముగ్గు వేసి, బియ్యము కడిగి పెట్టి, ఉరికి, మరలివచ్చి, నల్లా పట్టి, పొయ్యి ముట్టించి... ఈ వాక్యమునకు సమాపకక్రియ రాత్రి పదిగంటలకు గాని దొరకదు. ఇట పాణిని నియమ మొకటి గలదు. క్త్వాప్రత్యయము రావలెనన్న రెండు క్రియలకును కర్త యొక్కడే కావలెను. వేరు కర్తలైనచో ఆ ప్రత్యయము పొసగదు. లేచినదియు, ఊడ్చినదియు, కడిగినదియు, పట్టినదియు, ముట్టించినదియు ఒక్కరే గావున మన యిండ్లలో ఈ నియమమునకు భంగము కలుగుట నేను చూడలేదు. మహర్షి శలాతురమున నుండి కరీంనగరపు గృహములను ఎట్లు కనిపెట్టెనో!

శతృప్రత్యయమును గూర్చి ఆయన మరియొక సంగతి చెప్పెను. అది ప్రధానక్రియకు లక్షణమునైనను, హేతువునైనను తెలుపవచ్చును. లక్షణమునకు కాశికావృత్తికారు లిచ్చిన యుదాహరణము చిత్రమైనది: యవనులు పండుకొని భోజనము చేయుదురట. పండుకొనుట వారి భోజనమునకు గుర్తు. ఈ యుదాహరణము చదివినపుడెల్ల నాకు, టీవీకి ఎదురుగా దివాను మీద ఒక మోచేతిపై ఒరిగి పళ్లెమందుకొను స్వదేశీయులు కొందరు మనసున మెదలుదురు. గాని అది యప్రస్తుతము. ప్రస్తుతమేమన, ఆ పండుకొని తిను యవనులే లోకమునకు దూరపు పరుగును సైతము ఇచ్చిరి.

1896 ఏప్రిల్ 10 న ఏథెన్సులో, నూతన ఒలింపిక్ క్రీడలలో, మారథాను గ్రామమునుండి నగరమువరకు సుమారు నలువది కిలోమీటర్ల పరుగు పెట్టిరి. స్పిరిడాన్ లూయిస్ అను యవనుడు మూడుగంటలలోపుననే నెగ్గి దేశమునకు దేవుడయ్యెను. మరునాడు ఉదయము అదే గ్రామమునుండి అదే బాటను స్టమాటా రెవిథి యను స్త్రీ ఒంటరిగా పరుగెత్తెను. ఆమె నిరుపేద, పదునేడు మాసముల బిడ్డతల్లి, పని వెదకికొనుచు ఏథెన్సునకు నడచి వచ్చుచుండగా ఈ పందెము మాట విని, పేరు వ్రాయించుకొనబోగా నిర్వాహకులు ఒల్లరైరి. ఆమె వాదింపలేదు. తాను బయలుదేరిన వేళను కాగితముమీద వ్రాయించి, ఆ యూరి పెద్దలచే సంతకములు చేయించుకొని, పరుగుతీసి, అయిదున్నర గంటలలో నగరపు పొలిమేర చేరి, అచ్చటనున్న సైనికాధికారులను చేరిన వేళకు సైతము సంతకము పెట్టుడని కోరెను. క్రీడాప్రాంగణములోనికి ఆమెకు ప్రవేశము లేకపోయెను. నన్నడిగినచో ఆ పరుగుకన్న ఆ కాగితమే గొప్పది. తన్ను ఎవ్వరును నమ్మరని ముందే యెరిగిన తల్లి చేసిన పని యది. ఆ కాగితమున బయలుదేరిన వేళ యున్నది, చేరిన వేళ యున్నది. బిడ్డకు పాలు పట్టుచునే పరుగెత్తెనని మాత్రము లేదు.

తరువాతి కథ మరింత విడ్డూరము. 1928 లో ఆమ్‌స్టర్‌డామున స్త్రీలకు ఎనిమిదివందల మీటర్ల పందెము పెట్టిరి. పరుగు ముగించిన స్త్రీలు అలసి చతికిలబడిరని పత్రికలు గగ్గోలు చేసెను. అలసినవారు చతికిలబడుట పురుషులలో వీరలక్షణము గాబోలును. అటుపిమ్మట 1960 వరకు ఒలింపిక్సులో రెండువందల మీటర్లను మించిన పరుగు స్త్రీలకు లేకపోయెను. స్త్రీల మారథాను 1984 లో గాని రాలేదు. నడుమ 1948 లో లండనున, ముప్పదియేండ్ల ఫానీ బ్లాంకర్స్ కోయెన్, ఇద్దరు బిడ్డలతల్లి, నాలుగు స్వర్ణపతకములు గెలువగా పత్రికలవారు ఆమెను "ఎగిరే గృహిణి" యనిరి. చూచితిరా! మన మిత్రబృందమునకు పూర్వాచార్యులు విదేశములందు సైతము కలరు. పీ.టీ. ఉష తల్లియైన పిదప 1998 లో ఫుకువోకా ఆసియా పోటీలలో పతకములు తెచ్చెను. ఆమె విషయమునను ఈ "ఊనే" ప్రత్యయము పలుమారులు ప్రయోగింపబడెనని నా జ్ఞాపకము.

చౌరస్తానుండి చాల దూరము వచ్చితిమి. లక్షణము ముగిసినది, మిగిలినది హేతువు. ఇంటిపని పరుగునకు హేతువెట్లగును? ఈ వచనమున అగునట్లే యున్నది. ఇల్లు చెడలేదు గనుక పరుగు శుభము. అన్నము ఉడికినది గనుక పతకము చెల్లును. ఆ ఏవకారమును ఒత్తి చదివినచో అది స్తుతి కాదు, బంధువర్గమునకు ఇచ్చిన హామీపత్రము. ఒక్కసారి ఆ మిత్రబృందమువారికి ఇదే ప్రత్యయమును చేర్చి చూడుడు: "తన తువ్వాలను తానే ఆరవేసికొనుచునే, త్రాగిన గ్లాసును తానే కడుగుకొనుచునే వార్డు అభివృద్ధికి పాటుపడుచున్న యువనాయకునికి జన్మదిన శుభాకాంక్షలు." ఇట్టి ఫ్లెక్సీని కరీంనగరమునగాని, ఆదిలాబాదునగాని, మంచిర్యాలనుండి సిరిసిల్లవరకు ఏ కూడలినిగాని చూచినవారు తెలియజేయవలెను. బస్సుచార్జీ పెట్టుకొని వచ్చి చూతును.

"భర్త సహకారంతో." ఇచ్చట వ్యాకరణము ఆమె పక్షము. సహార్థమున తృతీయావిభక్తి అప్రధానునికి వచ్చునని శాస్త్రము. కుమారునితో తండ్రి వచ్చెననగా వచ్చినవాడు ప్రధానముగా తండ్రియే. ఆ లెక్కను భర్తగారు వాక్యమున అప్రధానులు. చిత్రమున మాత్రము ఆమెకన్న నాలుగింతలున్నారు. ఆ సహకారము యొక్క స్వరూపము వీధివారందరికిని తెలిసినదే: వలదనకపోవుట. ఇది అభావము. వైశేషికులు అభావమును ఏడవ పదార్థముగా అంగీకరించిరి గావున దానికి ఫ్లెక్సీలో చోటిచ్చుట శాస్త్రవిరుద్ధము గాదు. ఆమె కట్టమీదికి పోయిన ఆ గంటన్నరలో ఇంట ఏ పనియు జరుగలేదు; ఎవ్వరును తాకలేదు. గిన్నెలు సింకులో యథాస్థానమున నుండెను. సహకారమన్న పేరును వానికి ఇచ్చినను సబబే.

"దిగ్విజయంగా." కట్టమీద పోవుట, తిరిగి వచ్చుట, దిక్కులు రెండే. కాళిదాసు రఘువునకు నాలుగు.

ఆమె మొదట కట్టకు పోవునప్పుడు ఇట్టి బిరుదము లేవియు లేవు. ఎదురింటి ముసలమ్మ పండ్లపుల్ల నములుచు, "ఏందే బిడ్డా, గట్ల ఉరుకుతున్నవ్, ఎవలన్న ఎంబడివడ్డరా?" అనెను. అత్తగారు, "ఇంట్ల ఉరుకుడు సాలదా?" అనెను. ఆమె బూట్ల దారములు బిగించుచు, "ఊకెనే అత్తమ్మా, పోయి జల్దిగ వస్త" అని గేటు చప్పుడు గాకుండ వేసినది. ఆ బూట్లు పెద్దబాబు నిరుడు విడిచినవి. మునివేళ్లవద్ద దూది కుక్కుకొన్నది. ఊకెనే! ఈ మాటకు ఏ హేతువును అక్కరలేదు, ఏ హామీయు లేదు. ఆ గంటన్నరలో తన్ను ఎవ్వరును పిలువరు. ఎవరి పదవ తరగతియు, ఎవరి పలకయు ఆ కట్టమీదికి రాదు. ఇంత సంగతి మిత్రబృందమునకు తట్టకపోవుట ఆశ్చర్యము గాదు; తట్టియుండినచో ఫ్లెక్సీ ఉండెడిది కాదు.

తాత్పర్యము

ఎండకాలము చివర ఒక స్త్రీ పది కిలోమీటర్లు ఉరికినది. ఆమెకిచ్చిన ధ్రువపత్రము మీద గంట పదునాలుగు నిమిషములని యున్నది. ఆ ధ్రువపత్రము మీదనే ఆమె పేరు సైతము ఉన్నది.

పాఠాంతరము

వచ్చే యేడు ఆమె ఇరువదియొక్క కిలోమీటర్ల పరుగునకు పేరిచ్చుకొనునని వినికిడి. అప్పుడును ఫ్లెక్సీ తప్పదు. కావున అచ్చువేయు సోదరులకు ముందుగానే మనవి: "ఇంటిపనులు" మొదలు "సహకారంతో" వరకు గల భాగమును తీసివేసి, పరుగు దూరమును, పట్టిన కాలమును అంకెలలో వేయుడు. ఆమె పేరు ఆమెనే అడిగి పెద్దయక్షరములతో వ్రాయుడు. స్థలము చాలనిచో మిత్రబృందమున ఇద్దరిని తగ్గింపుడు.