పొగరుకి ఆత్మాభిమానమని పేరు

మా రోజుల్లో నవల మొదలుపెడితే మధ్యలో వదిలేయడమన్నది ఉండేది కాదు. వదులుదామన్నా అది మనల్ని వదిలేది కాదు. సీరియల్ ఏ మాట దగ్గర ఆపాలో రాసేవాళ్ళకి బాగా తెలుసు. మళ్ళీ వారం పత్రిక వచ్చేదాకా ఆ కథే మనసులో నలుగుతూ ఉండేది. ఆంధ్రప్రభ గుమ్మంలో పడగానే ముందు ఎవరు చదవాలని అక్కచెల్లెళ్ళం తగువులాడుకునేవాళ్ళం. సీరియల్ పూర్తయ్యాక ఆ కాగితాలన్నీ చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి దాచుకునేవాళ్ళం. అద్దె పుస్తకాల షాపులో అయితే రోజుకింతని అద్దె, అందుకని రాత్రికి రాత్రే పూర్తి చేసేవాళ్ళం. అలా పెరిగిన నేను ఈ మధ్య ఒక ప్రేమ నవలని సగంలో మూసేశాను. మళ్ళీ తెరవను కూడా.

మా మనవరాలు ఫోన్లో పెట్టి ఇచ్చింది. "అందరూ చదువుతున్నారు అమ్మమ్మా, హీరోయిన్ భలే ఉంటుంది" అంది. సరే అని కూర్చున్నాను. ఆ అమ్మాయికి మంచి ఉద్యోగం, సొంత కారు. సంతోషమే. అపార్ట్‌మెంటు గేటు తియ్యడం కాస్త ఆలస్యమైందని ముసలి వాచ్‌మన్‌ని వానలో నిలబెట్టి నలుగురిలో నానా మాటలూ అంటుంది. సాయంత్రానికల్లా నీ ఉద్యోగం ఊడబీకిస్తానంటుంది. పక్క కారులోంచి అదంతా చూసిన హీరోగారు ఆ పౌరుషానికి మనసు పారేసుకుంటాడు. తర్వాత భాగంలో ఇద్దరూ కాఫీ తాగుతుంటారు. మరి ఆ వాచ్‌మన్ ఏమయ్యాడు? ఉద్యోగం ఉందా, పోయిందా? ఇంటికెళ్ళి భార్యతో ఏం చెప్పుకున్నాడు? ఎక్కడో ఒకచోట మళ్ళీ కనిపిస్తాడని ఎదురుచూస్తూ చదివాను. అతని ఊసే లేదు.

కన్నతల్లి ఫోన్ చేస్తే ఆ హీరోయిన్ విసుక్కుని పెట్టేస్తుంది. సరే, పిల్లలు విసుక్కుంటారు. చిన్నప్పటి స్నేహితురాలు తన పెళ్ళి ఎందుకు విరిగిపోయిందో ఏడుస్తూ చెప్పుకుంటే, ఆ రహస్యాన్ని వారం తిరక్కుండా పార్టీలో అందరి ముందూ నవ్వులకి వాడేసుకుంటుంది. స్నేహితురాలు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోతుంది. హీరోయిన్ ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషని రచయిత్రి అక్కడ మెచ్చుకుంటుంది. నేను అక్కడే ఆపేశాను. ఆ ఏడుస్తూ వెళ్ళిపోయిన పిల్ల వెనక నా మనసు వెళ్ళిపోయింది. కథ మాత్రం పార్టీలోనే ఉండిపోయింది.

"మీ కాలం హీరోయిన్లంతా అణిగిమణిగి ఉండేవాళ్ళు కదా, అందుకే నీకు నచ్చలేదు" అంది మనవరాలు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. చలంగారి మైదానం నవలలో రాజేశ్వరి ప్లీడరు భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళిపోయింది. అది వచ్చింది 1920ల చివర్లో. ఎంతమంది తిట్టుకున్నారో అంతమందీ చదివారు. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీలో జయంతికి ఉన్నదేమైనా తక్కువ పట్టుదలా? నలుగురి మాటలూ విని రాజశేఖరాన్ని అపార్థం చేసుకుంటుంది. అతను ఎదురొచ్చినా మెట్టు దిగదు. ఇంత పంతమైతే ఎలాగే తల్లీ అని మేము పేజీ మీదే కోప్పడేవాళ్ళం. కానీ ఆ పంతం వెనక దిక్కులేని పిల్ల భయం ఉందనీ, బామ్మ తప్ప తనకెవరూ లేరనీ రచయిత్రి మనకి చూపించింది. ఆ పంతానికి జయంతి చెల్లించుకున్నదీ చూపించింది.

ఇంకో అడుగు ముందుకెళ్ళి చెబుతాను. రంగనాయకమ్మగారి బలిపీఠంలో అరుణని నేను ఏనాడూ ఇష్టపడలేదు. జబ్బుతో చావుకి దగ్గరపడ్డ బ్రాహ్మణ వితంతువు, ముత్తయిదువగా పోవాలన్నది ఆఖరి కోరిక. హరిజనుడైన భాస్కర్ జాలిపడి తాళి కడతాడు. బతికి బట్టకట్టాక ఆ మనిషిలో కులగర్వం బుసకొడుతుంది. కట్టుకున్నవాడినే చిన్నచూపు చూస్తుంది. చదువుతుంటే ఒళ్ళు మండిపోయేది. అయినా ఒక్క పేజీ వదల్లేదు, తర్వాత మళ్ళీ మళ్ళీ చదివాను. ఎందుకంటే రంగనాయకమ్మగారు అరుణ తప్పుని తప్పనే అన్నారు. అరుణ అన్న ప్రతి మాటా భాస్కర్‌కి ఎక్కడ తగిలిందో దగ్గరుండి చూపించారు. ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో, ఏ పెంపకంలోంచి వచ్చిందో కూడా చెప్పారు. 1975లో దాసరి నారాయణరావుగారు దాన్ని సినిమాగా తీస్తే, అరుణగా వేసిన శారదని చూసి హాల్లో ఆడవాళ్ళు పళ్ళు నూరారు. కథ మీద అందరికీ గురి ఉంది కాబట్టే ఆ కోపం.

అందుచేత నాయిక మంచిది కావాలని నేను పట్టుబట్టను. దురుసుగా ఉండనీ, స్వార్థం ఉండనీ, అబద్ధాలాడనీ. రాసేవాళ్ళకి అది తెలిసి ఉండాలి, అంతే. ఇప్పుడు చాలా కథల్లో రాసేవాళ్ళే హీరోయిన్ మోజులో పడిపోతున్నారు. నోటిదురుసుకి ధైర్యమనీ, పొగరుకి ఆత్మాభిమానమనీ పేరు పెడుతున్నారు. ఆత్మాభిమానం ఉన్న ఆడపిల్ల తనకంటే పైనున్నవాడి ముందు తలెత్తి నిలబడుతుంది. తన కింద పనిచేసేవాడి మీద పడి అరవడం ఏం ఆత్మాభిమానం?

మా రోజుల్లో రచనకీ పాఠకుడికీ మధ్య ఒక సంపాదకుడు ఉండేవాడు. ఈ వాచ్‌మన్ సంగతి ఏమైందమ్మా అని అడిగేవాడు. ఆయన అడక్కపోతే పాఠకులు కార్డుముక్క రాసి మరీ అడిగేవాళ్ళు. ఇప్పుడు ఫోన్లో రోజుకో భాగం పెట్టాలి, డబ్బు కడితేనే తర్వాతి భాగం తెరుచుకోవాలి. వెనక్కి తిరిగి చూసుకునే తీరిక రాసేవాళ్ళకి ఎక్కడిది? బాగా రాయగలిగిన పిల్లలు కూడా ఈ పరుగులో పడి పాడైపోతున్నారని నా బాధ. నేను చదివిన ఆ నవలలో మాటలు చకచకా నడుస్తాయి, వాన పడితే వాన వాసన వస్తుంది. చెయ్యి తిరిగిన పిల్లే. అంత చెయ్యి ఉండి ఒక ముసలివాడి ముఖంలోకి చూడలేకపోవడమే నాకు కష్టంగా తోచింది.

రాసే ఆడపిల్లలకి పెద్దదాన్నిగా ఒక్కటే చెబుతాను. మీ నాయికకి ఎన్ని అవలక్షణాలైనా పెట్టండి. కానీ ఆమె ఎవరినైతే నొప్పించిందో, వాళ్ళకి కూడా నవలలో నాలుగు మాటలు మాట్లాడే చోటివ్వండి. వాళ్ళు ఆమెని నిలదీయాలి, ఆమె జవాబు చెప్పుకోవాలి. ఆ జవాబు ఎలా ఉన్నా సరే, అది వినడానికి ఆఖరి పేజీ దాకా నేను వస్తాను.