ఫీచర్ అన్న

మా మండలంలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని లేదు. ఫీచర్ అన్న అంటే చాలు. పత్రికకు కంట్రిబ్యూటరు. వార్త రాస్తే సెంటీమీటర్ల లెక్కన కూలి, ప్రకటన తెస్తే కమీషను. ఉగాదికి, పంద్రాగస్టుకి టార్గెట్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే అనంతపురంలో, తప్పకుండా వచ్చేవి ఆ టార్గెట్లే.

బోరు లారీ ఓనరును అరపేజీ ప్రకటనకు ఒప్పించిన రోజు చూడాలి ఆయన్ని.

"మా బండి కొత్తదని రాయి" అంటాడు ఓనరు.

"బండి సంగతి ఎవునికి గావాలన్నా? నీళ్ల సంగతి గావాల."

అంతే, మొదటి పేరాలో బండి ఊసే ఉండదు. ఎండిన చెనిక్కాయ చేను, తాకట్టులో పుస్తెలు. రెండో పేరాలో అరచేతిలో టెంకాయ పెట్టుకుని పాయింటు చూసే పెద్దాయన. మూడో పేరాలో ఎనిమిది వందల అడుగుల దాకా దుమ్మే దుమ్ము... వెయ్యి దగ్గర రెండించుల నీళ్లు! మనం కళ్లు తుడుచుకునేలోగా ఫోన్ నంబరు వచ్చేస్తుంది. ధర్మవరం పట్టుచీరల కొట్టయినా, మోకాళ్ల నొప్పుల డాక్టరైనా వరస ఇదే: ముందు బాధ, తర్వాత ఆశ, ఆఖర్న సరుకు. చీరలోకి కూడా కరువు దూర్చగలడు మహానుభావుడు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో అమృతాంజనం పెట్టి, ఆ డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక మొదలెట్టారు. ఆయన మందు అమ్మి పత్రిక నడిపారు. మావాడు పత్రికను అడ్డం పెట్టుకుని మందు అమ్మిపెడతాడు.

ప్రకటన ప్రకటనలాగే కనబడాలని ప్రెస్ కౌన్సిల్ నియమం. ఫీచర్ అన్న దాన్ని మీరడు. 'ప్రకటన' అన్న మాట కింది మూలన వేయిస్తాడు, చీమ కూడా కళ్లద్దాలు వెతుక్కునేంత సైజులో.

బోరు కథ వచ్చిన వారమే ఊరికి నీళ్ల ట్యాంకరు రాలేదని ఆయన రాసిన వార్త నాలుగు లైన్లకు కుదించారు. అడిగితే నవ్వాడు. "దాని కింద ఫోన్ నంబరు లేదు కదన్నా!"

నిజానికి మా వైపు ఇంత బిగువుగా వాక్యం రాసేవాడు మరొకడు లేడు. ఆ బోరు కథ చదివి పక్కూరాయన అప్పు చేసి మరీ వేయించాడు. దుమ్మే వచ్చింది.

ఫీచర్ అన్నకూ నాలుగెకరాల చేనుంది. బోరు వేయించలేదు. వర్షాధారం చెనిక్కాయే.