పన్ను పీకకముందు

నేను పళ్ల డాక్టరు చేతిలోని అద్దాన్ని. స్టీలు పిడి, చివర రూపాయి బిళ్లంత గుండ్రటి మొహం. మెరుపు పూత గాజు పైనే ఉంటుంది కాబట్టి నాలో బొమ్మ రెండుగా కనపడదు. ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి వెళ్లేలోపు 121 డిగ్రీల ఆవిరిలో ఉడికి వస్తాను.

జనం నోరు తెరిచేది పన్ను కోసం. నాకు కనిపించేది పన్నొక్కటే కాదు. చిగుళ్లు మాటిమాటికీ చీము పట్టి, నోరు ఎండిపోతుంటే మా డాక్టరమ్మ షుగర్ పరీక్ష రాస్తుంది. పెద్ద వయసులో కింది దవడ ముందుకొచ్చి పళ్ల మధ్య సందులు పడితే, "చెప్పుల సైజు మారిందా? ఉంగరం బిగుతయిందా?" అని అడుగుతుంది. పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వల్ల ఎదుగుదల హార్మోను ఎక్కువైతే అలా అవుతుంది.

ఇవన్నీ ఒకెత్తు, అడిసన్ జబ్బు ఒకెత్తు. లండన్‌లోని గైస్ హాస్పిటల్ డాక్టరు థామస్ అడిసన్ 1855లో దీన్ని వివరంగా రాశాడు. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు పాడై కార్టిసాల్ అనే హార్మోను తగ్గిపోతుంది. దాన్ని రాబట్టాలని పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోనును ఎక్కువగా వదులుతుంది. దాంతో ఒళ్లూ, నోటి లోపలా నల్లబడతాయి. మన దేశంలో క్షయ వల్ల కూడా ఈ జబ్బు వస్తుంది.

దవడ పన్ను పీకించుకోవాలని ఒకావిడ వచ్చింది. నాతో బుగ్గను పక్కకు లాగగానే, లోపలి పొర మీద సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు. మనవాళ్లలో చిగుళ్లు సహజంగానే నల్లగా ఉండటం మామూలే, దానికి భయపడక్కర్లేదు. ఇవి అలాంటివి కావు.

"చెయ్యి చూపించమ్మా," అంది డాక్టరమ్మ. అరచేతి గీతలూ నల్లబడ్డాయి.

"ఎండల్లో పనికెళ్తా కదమ్మా."

"ఎండ బుగ్గ లోపలికి రాదు కదా తల్లీ. ఉప్పు తినాలనిపిస్తోందా?"

"ఉత్త ఆవకాయే నాకేస్తున్నా. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి."

బీపీ చూస్తే 90/60. పన్ను పీకడం ఆపేసింది. నొప్పి, భయం, చీము, వీటిని తట్టుకోవడానికి మామూలు ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. ఈవిడ ఒంట్లో పెరగడానికి ఏమీ లేదు. ఉన్నట్టుండి బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ మచ్చలు చూపించగలిగినందుకు ఇప్పటికీ నాకు గర్వమే.

పొద్దుటిపూట తీసిన రక్తంలో కార్టిసాల్ బాగా తక్కువుంది. మిగతా పరీక్షల్లో జబ్బు ఖాయమైంది. హైడ్రోకార్టిసోన్ మాత్రలు మొదలయ్యాక, పెద్ద డాక్టరు చెప్పినట్టు మోతాదు పెంచుకుని వచ్చి పన్ను తీయించుకుంది. వెళ్లేముందు డాక్టరమ్మ ఆమెను ఆపి చెప్పింది: "జ్వరమొస్తే మాత్ర మానొద్దు, పెద్ద డాక్టరు చెప్పినంత పెంచు. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికెళ్లి ఇంజెక్షన్ చేయించుకో. జబ్బు పేరు రాసిన కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకో. మీ ఆయనకీ చూపించు."