కోచ్ గారికి ఉద్వాసన

ఓడిపోవుచున్న ఫుట్‌బాల్ జట్టు తన కోచ్‌ను ఉంచుకొనవలెనా, ఊడబెరుకవలెనా యను సందేహము మన పూర్వమీమాంసకుల కాలముననే పుట్టి యుండినచో, వారు దానికొక అధికరణము కేటాయించి, పూర్వపక్షమును సిద్ధాంతమును వ్రాసి, భాష్యకారులకు మూడు తరములపాటు చేతినిండ పని కల్పించి యుందురు. వారికా భాగ్యము లేకపోయినది. ఆ భారమంతయు నేడు వార్తాపత్రికల ఆటల పుటపై పడినది. ఆ పుటయందు క్రికెట్టు పోగా మిగిలిన అంగుళమున్నర జాగాలో ఈ మహావిషయము ఇమిడి కూర్చుండవలసి వచ్చుచున్నది.

విశాఖపట్టణ వాసులమైన మాకు ఈ విచారమునందు ఒక విశేష సౌలభ్యము కలదు. ఇచ్చట తొలగించుటకు కోచ్ లేడు. కోచ్ లేకపోవుటకు కారణము జట్టు లేకపోవుట. అయితే జట్టు బొత్తిగా లేదనుటయు సత్యదూరమే యగును. ఏలయన 2020 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారు ఐ-లీగ్‌లో క్రొత్త క్లబ్బులకు చోటు కల్పించుచు, ఢిల్లీ పేరిట నొకదానిని, విశాఖపట్నము పేరిట శ్రీనిధివారి క్లబ్బును ఆమోదించిరి. మేమందరము ఉప్పొంగితిమి. 2021-22లో ఆ జట్టు లీగున దిగినది. కరోనా మూలమున ఆ యేటి ఆటలు బెంగాలులో జరిగినవి, సరే. కరోనా పోయిన పిమ్మట సొంతగూటికి చేరునని బీచ్ రోడ్డున నిలిచి మెడలు చాచి చూచితిమి. సొంతగూడు హైదరాబాదు చెంతనున్న డెక్కన్ అరీనా అయినది, పేరును శ్రీనిధి డెక్కన్ అయినది. 2022-23లో రెండవ స్థానము, 2023-24లో మరల రెండవ స్థానము సంపాదించిన ఆ జట్టును చూచి గర్వింపవలెనన్న కోరిక మాకు మెండు. గర్వించుటకు మాత్రము రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్సున బెర్తు దొరుకవలెను.

కావున సందేహనివృత్తికి మనము హైదరాబాదు ఎఫ్.సి. చరిత్రనే ఆశ్రయింపవలసియున్నది. పూనా జట్టు మూతపడగా ఆ స్థానమున 2019లో పుట్టిన ఈ క్లబ్బునకు ప్రథమ కోచ్‌గా ఇంగ్లండునుండి ఫిల్ బ్రౌన్ దొర విచ్చేసెను. వీరు సామాన్యులు కారు. 2008 డిసెంబరు 26న మాంచెస్టర్ సిటీ మైదానమున, సగము ఆట ముగియునప్పటికే నాలుగు గోల్స్ వెనుకబడిన తన హల్ సిటీ ఆటగాండ్రను విశ్రాంతి గదికి పోనీయక, వేలాది ప్రేక్షకుల యెదుట పచ్చికపైననే కూర్చుండబెట్టి, వ్రేలు చూపి చూపి చీవాట్లు పెట్టిన ఘనులు. అంతటివారికి గచ్చిబౌలి పచ్చిక అచ్చిరాలేదు. 12 ఆటలలో 5 పాయింట్లు వచ్చినవి; 2020 జనవరిలో దొరగారికి వీడ్కోలు పలికిరి. తక్కిన 6 ఆటలలో మరి 5 పాయింట్లు వచ్చినవి. చూచితిరా, కోచ్ మారగానే ఫలము రెట్టింపైనదని ఉద్వాసన పక్షమువారు తొడ చరచిరి. ఇండియన్ సూపర్ లీగ్ (ఐ.ఎస్.ఎల్.) పది జట్లలో హైదరాబాదు పదవదిగానే మిగిలినదని అవతలి పక్షమువారు గొణిగిరి. ఇరుపక్షములును గెలిచినవి, ఓడినది జట్టొక్కటే.

తరువాత స్పెయిన్‌నుండి మనోలో మార్కెజ్ వచ్చెను. ఆయన కుర్రవాండ్రను నమ్మెను, యజమానులు ఆయనను నమ్మిరి, ఇంతలో 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో తుదిపోరు వచ్చెను. ఓటమికి రెండు నిమిషములు మాత్రమే మిగిలియుండగా సాహిల్ తవోరా గోలు కొట్టి లెక్క సరిచేసెను, పెనాల్టీలలో గోల్‌కీపర్ కట్టిమణి మూడింటి నాపెను, ఐ.ఎస్.ఎల్. కప్పు తెలుగు రాజధానికి వచ్చినది. ఆ వారమునందు కోచ్‌ను ఉంచవలెనా యని అడిగినవాడు ఒక్కడు లేడు. ఈ ప్రశ్నకున్న ముఖ్యలక్షణ మిది: ఇది గెలిచినప్పుడు నిద్రించును.

మార్కెజ్ 2023లో గోవా జట్టునకు వెడలిపోయెను. అటుపిమ్మట నడచినది కథ కాదు, మహాభారతమునందలి ఆపద్ధర్మపర్వము. జీతములు నెలల తరబడి నిలిచిపోయినవి. విదేశపు ఆటగాండ్రు ఒక్కరొక్కరే పెట్టెలు సర్దిరి. బాకీల ఫిర్యాదులు ఫిఫా దాక పోగా క్రొత్తవారిని తెచ్చుకొనరాదని నిషేధము పడినది. మార్కెజ్‌కు సహాయకుడుగానుండిన తంగ్‌బొయ్ సింగ్తో, మిగిలిన కుర్రవాండ్రను వెంటబెట్టుకొని 2023-24లో 22 ఆటలు ఈడ్చెను. గెలిచినది ఒకటి, వచ్చినవి 8 పాయింట్లు. ఆశ్చర్యమేమన, ఆ యేడు ఆయనను తొలగింపుడని గట్టిగా అరచినవారు లేరు; జీతమే రాని యింట వంటవానిని తీసివేయవలెనన్నను ముందు బాకీ తీర్చవలెను గదా! క్లబ్బు చేతులు మారినది, కొంచెము ఊపిరి వచ్చినది. ఊపిరి రాగానే 2024 డిసెంబరులో ఆయనకు ఉద్వాసన చెప్పిరి. కష్టకాలమున నుంచుకొని, కుదుటబడుచుండగా పంపుట యను ఈ నీతి ఏ స్మృతియందున్నదో పండితులు సెలవీయవలెను. ఆ సీజను చివర జట్టు 13లో 12వది.

ఇట్లు పంపునప్పుడు వెలువడు ప్రకటనల వాచకము కడు రమ్యముగా నుండును. ఉభయులును పరస్పర అంగీకారముతో విడిపోయిరనియు, ఆయన సేవలకు క్లబ్బు సదా కృతజ్ఞమనియు, భవిష్యత్తు శుభప్రదము కావలెననియు వ్రాయుదురు. నిన్నటి రాత్రి నాలుగు గోల్స్ తిన్న సంగతి ఆ ప్రకటనలో ఉండదు. పెండ్లి శుభలేఖకును దీనికిని ఒకే గుమాస్తా ఉండునని నా అనుమానము.

ఇంతకును కోచ్‌నే ఎందులకు పంపవలెను? హేతువు స్పష్టము. ఇరువదైదుగురు ఆటగాండ్రకు ఒప్పందము లున్నవి; వారిని మార్చుటకు జనవరి కిటికీ తెరువవలెను, తెరచినను కొనుటకు రొక్కము కావలెను. మైదానము ప్రభుత్వమువారిది. యజమానిని తొలగించు సంతకము యజమానియే చేయవలసియుండును. లోకమున నింతటి త్యాగధనుడు ఇంకను పుట్టలేదు. ఇక మిగిలినది, గీత ప్రక్కన ఒంటరిగా నిలిచి, నీళ్ళసీసాను తన్నుచు, నాలుగవ రిఫరీతో వాదించు నొక్క మనుష్యుడు. సులభముగా ఊడి వచ్చు మర యదియొక్కటే.

ఈ విషయమును నాకు సూటిగా బోధించినవారు కూర్మన్నపాలెము కూడలిలోని టీ దుకాణమున తటస్థించిన ఒక పెద్దమనిషి. ఉక్కు కర్మాగారమున అన్నపూర్ణ కొలిమి చెంత పనిచేసి పదవీవిరమణ చేసినవారు. ఎడమ ముంజేతిపై పాత కాలిన మచ్చ, చొక్కా జేబులో యూనియన్ రసీదు. హైదరాబాదు కోచ్ వృత్తాంతమును నేను ఉదాత్తముగా వర్ణించుచుండగా, ఆయన గాజు గ్లాసు బల్లపై పెట్టి అడిగిరి:

“అయ్యన్నీ సరే గానండి మేస్టారూ, ఆ కుర్రోళ్ళకి జీతాలిచ్చారా, నేదా? ముందది సెప్పండి.”

నెలల తరబడి ఈయలేదంటిని.

“మరింకేటండి! మా ప్లాంటుకి సొంత గని నేదు. కనిజం బైలడిల్లా నుంచి కొనుక్కోవాల, బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడల మీద రావాల. నష్టం వొచ్చిందంటే మాత్తరం పనోడు సరిగ్గా సెయ్యనేదంతారు. మీ కోచ్చుదీ ఆ కతే. కొలిమిలో ఎయ్యడానికి సరుకు నేకండా, సెగ తగ్గిందేటని కొలిమి కాడోణ్ణి తిడితే ఎలాగండి?”

మూడు కొలుములలో ఒక్కటి మాత్రమే మండిన దినములను 2024లో చూచినవారికి ఇంతకంటె వ్యాఖ్యానము అక్కరలేదు. 2021 జనవరి 27న ఆ కర్మాగారమును నూటికి నూరుపాళ్ళు అమ్మివేయ నిశ్చయించిన కేంద్రమువారే 2025 జనవరిలో 11,440 కోట్ల సాయము ప్రకటించిరి. ఉక్కునకు నాలుగేండ్ల పోరాటము పిమ్మట ఏదో దొరికినది. ఫుట్‌బాల్ కోచ్‌కు దీక్షాశిబిరము లేదు, నినాదము లేదు. సీజను నడుమ ఒక మెయిల్ వచ్చును, అంతే.

ఉంచినచో ఏమగునో చూడవలెనన్న కుతూహలము గలవారికి మన హైదరాబాదులోనే నిదర్శనము కలదు. అది కొంచెము పాతది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహేబు వృత్తిచేత బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును ఎత్తుకొని వచ్చినది. ఆయన చేతి క్రింద భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచినది. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్స్‌కు పోయి, యుగొస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినది. పది గోల్స్! మనవారిలో పెక్కండ్రు వట్టి కాళ్ళతో ఆడిరి. అవతలివారు బూట్లతో ఆడిరి. నేటి దినములలో నిట్టి ఫలితము సంభవించినచో, పదవ గోలు వలలో పడకమునుపే టెలివిజన్ చర్చావేదికపై ఆరుగురు పెద్దలు ఆసీనులై పంతులుగారిని మరల ఎక్కములు చెప్పుకొనుటకు పంపియుందురు.

నాటి సమాఖ్యవారు అంత తొందరపాటు చూపలేదు. వారు మహాజ్ఞానులగుటచేతనా, లేక వేరొకరు అంత తక్కువకు దొరకకపోవుటచేతనా యని నేను నిర్ణయింపజాలను. ఓటమిని విచారించి, కోచ్‌కు మారుగా కాళ్ళను చూచిరి. బూట్లు తప్పనిసరి చేసిరి. 1956లో మెల్‌బోర్న్‌కు ఆ పంతులుగారే జట్టును తోడ్కొని పోయిరి. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టగా ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4-2తో ఓడించిరి. సెమీఫైనల్‌లో ఎదురైనది ఎవరు? అదే యుగొస్లావియా. ఈ తడవ మనమే ముందుగా గోలు కొట్టితిమి. తుదకు 4-1తో ఓడితిమి. నాలుగవ స్థానము. నాటికిని నేటికిని ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన అత్యున్నత స్థానమదియే.

1962 జకార్తా ఆసియా క్రీడలు ఇంకను విచిత్రము. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను మట్టికరపించినది. ఉద్వాసనకు ముహూర్తము కుదిరినట్లే గదా! రహీమ్ సాహేబు అప్పటికే క్యాన్సరుతో క్షీణించియుండిరి. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నయిల్ సింగును తీసి ముందువరుసలో సెంటర్ ఫార్వర్డుగా నిలిపిరి. జ్వరపడి లేచిన తంగరాజును గోలులో నిలిపిరి. సెప్టెంబరు 4న తుదిపోరున, స్టేడియమంతయు మనకు వ్యతిరేకముగా అరచుచుండగా, అదే కొరియాను 2-1తో గెలిచిరి. రెండవ గోలు కొట్టినది ఆ కుట్లు పడిన తలగల జర్నయిల్ సింగే. 1963 జూన్ 11న సాహేబు స్వర్గస్థులైరి. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల దొరకలేదు. ఆయనపై 2024లో అజయ్ దేవగణ్‌తో ‘మైదాన్’ అను సినిమా వచ్చినది. కోచ్‌ను ఉంచుటకు మన దేశమునకు తీరిక లేదు గాని, ఉంచిన కోచ్‌పై సినిమా తీయుటకు కలదు.

ఇటీవలివారు శాస్త్రమును మరింత ముందుకు కొనిపోయినారు. 2022లో ఆసియా కప్ అర్హత పోటీలకు జాతీయ జట్టు కూర్పున ఒక జ్యోతిష్కుని సలహా తీసికొనినట్లు 2023 సెప్టెంబరులో పత్రికలు వ్రాసినవి. ఆ అర్హత పోటీలు మూడును గెలిచితిమి. కావున జ్యోతిషమును నేను తేలికగా త్రోసిపుచ్చను. 2024 జనవరిలో అసలు కప్పునకు ఖతారు చేరగా మూడాటలును ఓడితిమి, ఒక్క గోలును కొట్టలేదు. గ్రహములకు పాస్‌పోర్టు చిక్కు వచ్చినది కాబోలు. ఆ యేటి జూన్‌లోనే కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించిరి. గ్రహములను తొలగించు నియమము సమాఖ్య నియమావళిలో లేదు.

రేపు మా యూరికి నిజముగా జట్టు వచ్చినచో ఎట్లు నడపవలెనని కొందరు మిత్రులడుగుచున్నారు. ముందుగా మైదానము కావలెను. మధురవాడలో ఉన్నది క్రికెట్టునకు. రైల్వే మైదానమున గోల్‌పోస్టుల కంటె సభావేదికలు నిలిచిన దినములే నాకెక్కువ జ్ఞాపకము. మైదానము కుదిరిన పిమ్మట ఆటగాండ్రు. ఆటగాండ్రు కుదిరిన పిమ్మట ఒకటవ తేదీన జీతము. ఇంత ఖర్చు దేనికని యజమాని విసుగుకొన్నచో నా యుపాయము నాకున్నది: తొలగింపబడుటకే ప్రత్యేకముగా నొక కోచ్‌ను నెలజీతముపై నియమించి, ప్రతి ఓటమి మరునాడును కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి యెదుట లాంఛనముగా ఉద్వాసన చేసి, సాయంకాలమునకు మరల పనిలోనికి తీసికొనవచ్చును. ప్రజలకు తృప్తి, పత్రికలకు వార్త, యజమానికి పొదుపు. అసలు కోచ్ తెరచాటున నిశ్చింతగా కుర్రవాండ్రకు బంతి నేర్పుకొనును.

పరిహాసము చాలించి తీర్పు చెప్పుమందురా? జీతము లందినవి, మైదానము సిద్ధము, కోరిన ఆటగాండ్రను తెచ్చి ఇచ్చితిరి; అయినను రెండు సీజన్లు వరుసగా ఓడినచో కోచ్‌ను నిస్సంకోచముగా పంపుడు, నేనే బండి కట్టించెదను. పై వానిలో ఏది లోపించినను ఆయనను కదలింపక, లోపమెవరిదో వారి గది తలుపు తట్టుడు. హైదరాబాదు ఎఫ్.సి. విషయమున ఈ తీర్పు కూడ ఇక చెల్లదు. కోచ్‌లు ఒకరి తరువాత ఒకరు వెడలిపోగా, 2025లో క్లబ్బే బిచాణా ఎత్తి, పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. కనుక దాని కోచ్‌ను ఉంచవలెనా, తీయవలెనా యని నాకు ఉత్తరములు వ్రాయుచున్న పాఠకులు దయచేసి ఇకమీదట ఢిల్లీకి వ్రాసుకొనవలెను.