ఏం గాదు పటేలా: సటీక తాత్పర్య సహితము

మూలము

“ఎస్‌ఎక్స్4 ఇంజన్ కూసవెట్టిన. ఈసీయూ కొత్తది ఏసిన. వీవీటీ వైరు ఇడిసిపెట్టిన. ఏం గాదు పటేలా, బేఫికర్ నడుపుండ్రి.”

అవతారిక

నిజామాబాదు షెడ్డులో జిప్సీ బానెట్ మూస్తూ మేస్త్రి బోధన్ చెరుకు రైతుకు చేసిన ఉపదేశమిది. మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరిది మెదకు జిల్లా కొల్చారం. ఆయనకు వ్యాఖ్యానించడానికి ఇంజన్ దొరకలేదు గనుక ప్రతిజ్ఞ చెల్లింది. ఇక్కడ మూలంలో చెప్పినదానికంటే విడిచిపెట్టినదే ఎక్కువ.

టీక

ఎస్‌ఎక్స్4 ఇంజన్ = మారుతి వారి 1.6 లీటర్ల ఎం16ఏ. జిప్సీలో కంపెనీ పెట్టిన 1.3 లీటర్ల ఇంజన్‌కు వీవీటీ లేదు, దీనికి ఉన్నది. కూసవెట్టిన = మౌంట్లు, గేర్‌బాక్స్ జోడింపు, బోలెడంత వెల్డింగు అన్నీ ఈ క్రియలో అణిగి ఉన్నవి. ఈసీయూ కొత్తది = ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, బయటి కంపెనీది. పాతది తన తాళంచెవిని గుర్తుపడితే గాని ఇంజన్‌ను లేవనియ్యదు.

వీవీటీ = ఇన్‌టేక్ వాల్వులు తెరుచుకొనే వేళను, ఇంజన్ నడుస్తుండగానే ముందుకూ వెనక్కూ జరిపే ఏర్పాటు. క్యామ్‌షాఫ్ట్ కొసన ఉన్న చక్రం లోపలి అరల్లోకి ఇంజన్ ఆయిలే ఒత్తిడితో చేరి క్యామ్‌ను జరుపుతుంది. ఆయిల్ ఏ అరలోకి పోవాలో సోలినాయిడ్ వాల్వు తేలుస్తుంది. ఆ వాల్వును ఆడించేది ఈసీయూ. వైరు = ఆ సోలినాయిడ్‌కు పోయేది.

ఏం గాదు = ఇక్కడ పాఠాంతరమున్నది. కొన్ని షెడ్లలో “ఇప్పటికైతె ఏం గాదు” అని వినిపించును. అదే సాధుపాఠము.

పూర్వపక్షము

మేస్త్రి మాటలో సగం నిజం. కరెంటు అందకపోతే క్యామ్ పూర్తిగా వెనక్కు జరిగి, దాన్ని బిగించే పిన్ను పడి అక్కడే నిలుస్తుంది. స్టార్టింగుకూ ఐడిలింగుకూ కంపెనీ ఎంచిన చోటు అదే. అందుకే షెడ్డులో బండి బుద్ధిమంతుడిలా ఉంటుంది.

సిద్ధాంతము

శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడ్డాక బోధన్ చెరుకు దూరపు మిల్లుల దారి పట్టింది. ఆ దారిలో జిప్సీ నిండు ట్రాక్టర్ ట్రాలీ వెనుక మెల్లగా పాకుతూ పోయి, సందు దొరకగానే దాన్ని దాటడానికి మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కాలి. అప్పుడు వాల్వు ఆలస్యంగా మూసుకుంటే సిలిండర్‌లోకి వచ్చిన గాలి కొంత వెనక్కే పోతుంది. లాగుడు రాదు. ఎదుటినుంచి బస్సు మాత్రం వస్తుంది.

తాత్పర్యము

పటేలు 1.6 లీటర్లకు డబ్బు పెట్టి, దాని నడిమి బలాన్ని షెడ్డులోనే వదిలి వచ్చాడు. వీవీటీని నడపగల ఈసీయూయేనా అని కొనేముందే అడగవలసింది. పిన్ను పడిన చోటును సున్నాగా కొలిచి, ఆర్‌పీఎంనూ లోడునూ బట్టి క్యామ్ ఎంత ముందుకు జరగాలో పట్టిక రాయాలి: ఐడిలింగులో సున్నా, నడుమ ముందుకు, పైన మళ్లీ కొంత వెనక్కు. చెప్పిన చోటికి చేరిందో లేదో క్యామ్, క్రాంక్ సెన్సార్లు చూపుతాయి. దిద్దుబాటు మరీ దూకుడుగా పెడితే క్యామ్ అటూ ఇటూ ఊగుతుంది. మెతకగా పెడితే ట్రాక్టర్ దాటిపోయాక వస్తుంది. క్యామ్ జరిగితే లోపలికి పోయే గాలి మారుతుంది గనుక పెట్రోలు, ఇగ్నిషన్ లెక్కలూ తిరగరాయాలి. ఇంజన్ చల్లగా ఉండి ఆయిల్ చిక్కగా ఉన్నంతసేపు వీవీటీ జోలికి పోరాదు. చెత్త ఆయిల్ పోసేవారికి ఈ టీకతో పని లేదు.

విశేషము

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించినది. ఇంజన్ మారితే ఆర్‌టీఏ అనుమతి తీసుకొని, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. దీని మీద మేస్త్రి ఏమీ సెలవివ్వలేదు. పటేలు అడగనూ లేదు.